ఆదివారం సంతలో పాత ఇత్తడి, కంచు సామాన్లు కొనాలంటే ఏం చూడాలి?

ఆదోని టీచరమ్మ:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మా సొంతూరు నంద్యాల. ఉద్యోగం వల్ల ఆదోనిలో ఉంటున్నాం. మాకు దగ్గర్లో ఒక చిన్న టౌన్లో ప్రతి ఆదివారం సంత జరుగుతుంది. కూరగాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు దాటి, పగ్గాలు, ముకుతాళ్లు, కొడవళ్లు అమ్మే వరస కూడా దాటి చివరికి పోతే, గోడ వారగా పట్టలు పరిచి పాత సామాన్లు పెట్టుకుని కూర్చుంటారు. ఇత్తడి బిందెలు, గుండిగలు, పలకని రేడియోలు, స్పానర్లు, గోడ గడియారాలు, డబ్బా నిండా నాణేలు, సెకండ్ హ్యాండ్ ఫోన్లు, అన్నీ పక్కపక్కనే.

నాకు రెండు కావాలి. ఒకటి, ఇంట్లో నిజంగా వండుకోవడానికి ఇత్తడి గుండిగ. షోకేసులో పెట్టుకోవడానికి కాదు. రెండోది, మా అయిదో తరగతి పిల్లలకు చూపించడానికి పాతకాలం కొలతలు, సేరు, అరసేరు, పడి లాంటివి. కిలో, లీటరు తప్ప ఇంకో లెక్క ఉండేదంటే మా పిల్లలు నమ్మడం లేదు.

పోయిన వారం ఊరికే ఒక చుట్టు తిరిగి వచ్చాం. ఏది పట్టుకున్నా "నూరేండ్ల నాటిదమ్మా, అసలు కంచు" అంటున్నారు. మా ఆయనేమో అంతా ఇనుము మీద పూత అంటారు. నాకు ఇత్తడికీ కంచుకూ తేడా తెలియదు. ఎన్ని గంటలకు పోవాలి, ఎంతకు అడగాలి, ఏం చూసి కొనాలి? ఇంకో సంగతి. చాలా పాత్రల మీద ఎవరెవరివో పేర్లు చెక్కి ఉన్నాయి. చూస్తే మనసుకు ఏదోలా అనిపించింది. అట్లాంటివి కొనొచ్చా? దొంగసొత్తయితే ఎట్లా?

కళాయి ఇంటి అబ్బాయి, కర్నూలు:

టీచరమ్మా, మాది కర్నూలు పాత ఊరు. మా నాన్న కళాయి పోసేవాడు, అంటే పాత్రల లోపల తగరం పూత వేసేవాడు. చిన్నప్పుడు నిప్పులకు గాలి కొట్టే తిత్తి కొట్టడం నా పని. ఇప్పుడు నా ఉద్యోగం వేరే. కానీ ఆదివారం వస్తే చుట్టుపక్కల ఏదో ఒక సంతలో ఉంటాను. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా.

వాళ్లు చెప్పే వయసును అసలు పట్టించుకోకండి. మీరు వండుకోవడానికి కొంటున్నారు. నూరేండ్లదైనా ముప్పై ఏండ్లదైనా పప్పు ఒకేలా ఉడుకుతుంది. లోహం ఏది, మందం ఎంత, అతుకు ఎక్కడ, అడుగు ఎట్లా ఉంది, ఇవే చూడాలి. ఈ నాలుగూ చేత్తో పట్టుకుంటే తెలిసేవే. ఎవరి మాటా నమ్మక్కర్లేదు.

మీ ఆయన అనుమానం తీరాలంటే చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని పోండి. పాత స్పీకర్లో నుంచి తీసిందైనా చాలు. ఇత్తడికీ, కంచుకూ, రాగికీ అయస్కాంతం పట్టదు. పట్టిందంటే లోపల ఇనుము. అడుగున, అంచున, పక్కలకు మూడు చోట్లా పెట్టి చూడండి. పాత్ర అంతా ఇత్తడే అయి, అంచు మడతలో ఇనుప తీగ ఉండటం మామూలే. అది మోసం కాదు, అంచు గట్టిగా ఉండటానికి అట్లా చేస్తారు.

కంచుకూ ఇత్తడికీ తేడా చెవికి తెలుస్తుంది. రాగిలో తగరం కలిపితే కంచు, జింకు కలిపితే ఇత్తడి. గిన్నెను అంచు పట్టుకోకుండా ఐదు వేళ్ల కొసల మీద నిలబెట్టి, రెండో చేతి వేలి గణుపుతో తట్టండి. కంచైతే ఖంగుమని మోగి ఆ మోత అట్లాగే సాగుతుంది. ఇత్తడి మోత తొందరగా ఆగిపోతుంది. పగులు ఉంటే ఏదైనా సరే బొంగురుగా పలుకుతుంది. ఇంకో గుర్తు, కంచు పెళుసు. గట్టిగా కింద పడితే పగులుతుంది తప్ప ఇత్తడిలా సొట్టలు పోదు. కాబట్టి ఒంటినిండా సొట్టలున్న బిందెను చూపించి "అసలు కంచు" అంటే, నవ్వి ఊరుకోండి, అది ఇత్తడి. మీరు అడిగిన గుండిగ కూడా మామూలుగా ఇత్తడిదే దొరుకుతుంది. కంచులో ఎక్కువగా కంచాలు, గిన్నెలు, గంటలు వస్తాయి.

తళతళలాడేది చూసి మురిసిపోవద్దు. యాసిడ్ పెట్టి తోమి తెస్తారు. అట్లా తోమిన దాంట్లో మాట్లు (చిల్లులకు వేసిన అతుకులు) కనపడవు. నల్లబడి, కిలుం పట్టి, మూలన పడేసిన పాత్రే మనకు మేలు, దాని కష్టసుఖాలన్నీ పైకే కనిపిస్తాయి. లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడమండి. తర్వాత ఎండకు ఎత్తి లోపలి నుంచి చూడండి. సూది మొనంత వెలుగు కనపడినా వదిలేయండి. ఒక నీళ్ల సీసా దగ్గర పెట్టుకుని, పాత్రలో నీళ్లు పోసి పాత పేపర్ మీద పెట్టి కాసేపు పక్క అంగళ్లు చూసి రండి. పేపర్ తడిసిందంటే సంగతి తెలిసిపోతుంది. అమ్మేవాళ్లు ఏమీ అనుకోరు, తెలిసిన మనిషి వచ్చిందనుకుంటారు.

లోపల అక్కడక్కడ గులాబీ, రాగి రంగు మచ్చలు ఉంటే ఆ పాత్ర వద్దు. చాలా ఏండ్లు పులుపు, ఉప్పు తగిలి ఇత్తడిలోని జింకు తినేసిపోయి ఉత్త రాగి మిగిలిన చోటు అది. పైకి బాగానే ఉంటుంది, లోపల బలం ఉండదు. అడుగు అతుకు దగ్గర బూడిద రంగులో మెత్తటి లోహం గీరుకుంటే వస్తోందంటే అది సీసం కలిసిన టంకం కావచ్చు. అట్లాంటిది వంటకూ, తాగే నీళ్లకూ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. పిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

రేటు సంగతి. శనివారమే మీ ఊళ్లో గుజిరీ అంగడికి పోయి పాత ఇత్తడి కిలో ఎంతకు కొంటున్నారో అడిగి రండి. అది వారం వారం మారుతుంది. సంతలో అంతకన్నా తక్కువకు ఎవరూ ఇవ్వరు, ఇవ్వలేరు. పక్కనే కరిగించడానికి కొనేవాడు ఉంటాడు కదా. లగేజీ తూచే చేతి త్రాసు ఒకటి పట్టుకుపోండి. తూకానికి గుజిరీ రేటు కట్టి, దాని మీద వాళ్ల ఎండకు, తిరుగుడుకు, మోసిన శ్రమకు ఏం ఇవ్వాలో మీరే అనుకోండి. వీళ్లు ఊరూరా మోపెడ్ మీద తిరిగి, ప్లాస్టిక్ బిందెలు, స్టీలు గిన్నెలు ఇచ్చి పాతవి తెచ్చుకుంటారు. మరీ గీసి గీసి బేరం చేస్తే నాకు బాధేస్తుంది. మీరు అడిగింది మాత్రం మొహమాటం లేకుండా అడగండి. "బోణీ బేరం" అని పొద్దున్నే కొంచెం దిగుతారు. మధ్యాహ్నం సర్దుకునేటప్పుడు ఇంకొంచెం దిగుతారు, కానీ అప్పటికి మంచివి పోయి ఉంటాయి. కావాల్సింది గుండిగ కాబట్టి ఏడు గంటలకల్లా అక్కడ ఉండండి. ఎండాకాలం ఇంకా ముందే. పది దాటితే ఆ పట్టల మీద ఇత్తడి ముట్టుకోలేం.

పేర్ల గురించి. పాత్ర మీద పేరు ఉండటం అనుమానించాల్సిన విషయం కాదు. మన వైపు పెండ్లికి, సీమంతానికి, గృహప్రవేశానికి చదివించిన పాత్ర మీద ఇచ్చినవాళ్ల పేరో, పుచ్చుకున్నవాళ్ల పేరో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్లు. విందులకు నాలుగిళ్ల పాత్రలు కలుస్తాయి, మళ్లీ ఎవరివి వాళ్లకు చేరాలి కదా. భాగాలు పంచుకున్నప్పుడు, మట్టి మిద్దె పడగొట్టి స్లాబు వేసినప్పుడు, అవ్వ పోయాక పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో స్థిరపడ్డప్పుడు ఇవన్నీ బయటికొస్తాయి. పేరు పక్కన తేదీ ఉందేమో చూడండి. అమ్మేవాడు చెప్పే నూరేండ్ల కన్నా అది నమ్మకమైన లెక్క. మీకు మనసుకు ఏదోలా అనిపించిందంటే మీరు దాన్ని బాగా చూసుకుంటారు. గుజిరీలో కరిగిపోయే బదులు ఒక ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కితే ఆ పేరున్నామెకు అంతకన్నా ఏం కావాలి? దయచేసి ఆ అక్షరాలు అరగదీయించకండి.

ఏ ఊరి నుంచి వచ్చిందని అడగండి. నిజంగా ఇంటింటా తిరిగి తెచ్చినవాడు ఊరు పేరు, ఇల్లు ఎట్లా ఉండిందో కూడా చెప్తాడు. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. గుడి పేరున్న గంట, హారతి పళ్లెం, దీపపు సెమ్మె, విగ్రహం మాత్రం ఏ కథ చెప్పినా ముట్టుకోవద్దు.

కడప పుస్తకాలాయన:

పై అన్న విగ్రహాల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన శిల్పాలు, నాణేలు, కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏండ్లే. శిల్పాలు, విగ్రహాల లాంటివి మన దగ్గరుంటే రిజిస్టర్ చేయించాలి. అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. వీరగల్లు (పోరాడి చనిపోయిన వీరుడికి నిలిపిన రాయి) ముక్కో, పంచలోహ విగ్రహమో కనపడితే కొనడం కాదు, పోలీసులకు చెప్పడం మన బాధ్యత.

నేను సంతల్లో వెతికేది కాగితం. టీచర్ గారూ, మీరు తిరిగేటప్పుడు తాటాకుల కట్టలు, చేత్తో రాసిన పాత వైద్యం, జాతకం, భాగవతుల పుస్తకాలు కనిపిస్తే ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పొట్లాలు కట్టుకునే కాగితాల రేటుకు పోతుంటాయి, ప్రాణం ఉసూరుమంటుంది. కడపలో బ్రౌన్ దొర బంగ్లా ఉన్న చోటే ఆయన పేరుతో గ్రంథాలయం, పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ తాళపత్రాలు భద్రపరుస్తారు. బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు, తర్వాత ఊరూరా ప్రతులు తెప్పించి నకళ్లు రాయించాడు. 1852 నాటికి నిఘంటువు అచ్చయింది. ఆయన చేసిన పని మనం సంతలో ఒక కట్ట కాపాడినా కొంచెం చేసినట్టే అనుకుంటాను. తాటాకులకు నూనె రాయొద్దు, ఎండలో పెట్టొద్దు, తాడు విప్పి వరస మార్చొద్దు. అట్లాగే గుడ్డలో చుట్టి ఇచ్చేయండి.

గుంతకల్లు రైల్వే తాత:

అమ్మా, కొలతల గురించి అడిగావు కాబట్టి రాస్తున్నా. నేను రిటైరయ్యాక నాణేలు, తూకాలు పోగేస్తున్నాను. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అంతకు ముందు రూపాయికి 16 అణాలు. 1958 నుంచి కిలోలు, లీటర్లు దశలవారీగా వచ్చాయి. కాబట్టి నీకు దొరికే సేరు, పడి ఆ ముందటి కాలానివో, అలవాటు కొద్దీ తర్వాత ఇంట్లో వాడుకోవడానికి చేయించినవో అయ్యుంటాయి. అంగట్లో వాడిన కొలపాత్రలైతే తనిఖీ చేసి కొట్టిన సర్కారు ముద్రలు ఉంటాయి. అంచు దగ్గర, పక్కల వేలితో తడిమి చూడు. ముద్రలున్నది దొరికితే పిల్లలకు అదే చూపించు.

తూకం సేరు వేరు, కొలత సేరు వేరు. ఇది పిల్లలకు తప్పకుండా చెప్పాలి. సర్కారు లెక్క ప్రకారం తూకం సేరు 80 తులాలు, అంటే సుమారు 933 గ్రాములు. వీసె 120 తులాలు, దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. కొలత సేరు, పడి మాత్రం ఊరికో తీరు. నీకు ఏ సేరు దొరికినా బియ్యంతో నింపి తలకొట్టి, ఆ బియ్యాన్ని పిల్లల చేతే తూయించు. తర్వాత నీళ్లు పోసి లీటరు గ్లాసుతో కొలిపించు. పక్క ఊరి సేరు ఇంకోటి దొరికితే రెండూ కొలిపించు. ప్రభుత్వం కొలతలన్నీ ఒక్కటి చేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో వాళ్లకే తెలిసిపోతుంది.

పాత వెండి రూపాయి బరువు ఒక తులం, 11.66 గ్రాములు. అందుకే పాతవాళ్లు రూపాయలు వేసి తూకం వేసేవాళ్లు. చిన్న డిజిటల్ త్రాసు ఉంటే నకిలీ రూపాయి చాలావరకు అక్కడే దొరికిపోతుంది. 1947 నాటి పులి బొమ్మ రూపాయిని వెండి అని అమ్ముతారు. అది నికెల్, అయస్కాంతం పట్టుకుంటుంది. 1940 నుంచి 1945 దాకా వచ్చిన రూపాయిల్లో సగమే వెండి. 1818 తేదీతో ఒక పక్క ఈస్ట్ ఇండియా కంపెనీ అని, ఇంకో పక్క హనుమంతుడో, రామ పట్టాభిషేకమో ఉన్న పెద్ద నాణెం ప్రతి సంతలోనూ కనిపిస్తుంది. కంపెనీ అట్లాంటి నాణెం ఎప్పుడూ వేయలేదు. దండం పెట్టుకోవడానికి కావాలంటే కొనుక్కో, లక్షలు వస్తాయంటే నమ్మొద్దు. "బియ్యం గింజలను తనవైపు లాగే చెంబు, కోట్లు పలుకుతుంది" అని రైస్ పుల్లింగ్ మోసం కథ ఎత్తేవాడి దగ్గర నిమిషం కూడా నిలబడొద్దు తల్లీ. మన జిల్లాల్లో ఆ మాట నమ్మి పొలాలు అమ్ముకున్న సంసారాలున్నాయి. వానలు పడ్డాక తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు దొరికేది నిజమే. సంతలో పట్ట మీద చూపించేది మాత్రం గాజుపెంకో, పలుగురాయో.

ఎమ్మిగనూరు మొబైల్ అంగడి:

టీచర్ గారు ఫోన్లు అడగలేదు కానీ అదే వరసలో ఉంటాయన్నారు కాబట్టి చెప్తున్నా. సంతలో ఫోన్ కొనే ముందు *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. మీ ఫోన్లో మెసేజ్ తెరిచి ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో కేవైఎం అని టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి ఆ నంబర్ కొట్టి 14422కి పంపండి. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో వస్తే వదిలేయండి. బిల్లు, బాక్సు లేని ఫోన్ ఎంత చవకైనా వద్దు. తర్వాత స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే.

ఇంకోటి, మా ఊరి మీద ప్రేమతో అంటున్నా. పాత బట్టల పట్ట దగ్గర నేత దుప్పట్లు కనిపిస్తే ఒకసారి చూడండి. 1938లో మాచాని సోమప్ప గారు ఇక్కడ చేనేత సంఘం పెట్టారు. ఆ కాలం దుప్పటి ఎన్నిసార్లు ఉతికినా మెత్తబడుతుందే తప్ప చిరగదు.

ఆదోని టీచరమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న పొద్దున ఏడింటికే పోయాం. అయస్కాంతం, త్రాసు, నీళ్ల సీసా అన్నీ పట్టుకుపోయాం. మా ఆయన అయస్కాంతంతో ఆ వరస మొత్తం తిరిగారు.

గుండిగ దొరికింది. నాలుగు శేర్ల అన్నం ఉడుకుతుందని అమ్మిన పెద్దాయన చెప్పాడు. పైన మసి, లోపల బూడిద రంగు పూత సగం పోయి పసుపు కనిపిస్తోంది. మెడ కింద చుక్కల అక్షరాలు రెండు వరసలు. మొదటి వరసలో ఒక ఆడమనిషి పేరు, రెండో వరసలో "మేనమామ చదివింపు 1961". చుక్కల్లో మసి నిండిపోయి ఉంటే చింతపండుతో రుద్దాక ఒక్కొక్క అక్షరమే బయటపడింది. "మే" తిరగబడి కొట్టి, పక్కన మళ్లీ సరిగ్గా కొట్టాడు ఆ చెక్కినాయన. ఏ ఊరిదని అడిగితే కోడుమూరు దగ్గర పల్లె అని, మిద్దె పడగొడుతుంటే ఆ ఇంటి కోడలే ఇచ్చిందని చెప్పాడు. గుజిరీ రేటు కట్టి దాని మీద కొంచెం ఇచ్చాం. ఆయన కూడా సంతోషంగానే ఇచ్చాడు.

సేరు ఒకటే దొరికింది, ఇనుముది, ముద్రలు మూడున్నాయి. పిల్లల చేత తూయిస్తాను తాతగారూ.

కర్నూలు అన్నా, ఇప్పుడు ఈ గుండిగకు కళాయి పోయించాలి కదా? ఎవరు మంచిగా పోస్తారో ఎట్లా తెలుసుకోవాలి? పోయించాక సంగటి, పులుసు అన్నీ వండొచ్చా?

కళాయి ఇంటి అబ్బాయి, కర్నూలు:

ఆ తిరగబడ్డ "మే" అక్షరం అట్లాగే ఉండనీయండి, చాలా సంతోషంగా ఉంది.

కళాయి తప్పకుండా పోయించాలి. ఇత్తడికి పులుపు తగిలితే రాగి, జింకు కూరలోకి దిగుతాయి. అట్లా దిగకుండా అడ్డం పెట్టేదే తగరం పూత. పోసేవాళ్లు తగ్గిపోయారు గానీ లేకుండా పోలేదు. బిరియానీ దేగిసాలు అద్దెకిచ్చేవాళ్లను అడగండి. వాళ్లకు ఎప్పుడూ కళాయి పని ఉంటుంది, ఎవరు పోస్తారో వాళ్లకే బాగా తెలుసు.

పాత్ర వదిలేసి రాకుండా దగ్గర కూర్చుని పోయించుకోండి. అరగంట పని. మొదట పాత్రను తోమి మురికంతా పోగొట్టాలి. నిప్పుల మీద కాల్చి, నవసాగరం (అమోనియం క్లోరైడ్) పొడి చల్లితే తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీల్చకుండా గాలి వచ్చే వైపు కూర్చోండి. అప్పుడు తగరం కడ్డీ ఆనిస్తే వెన్నలా కరిగిపోతుంది. దూది ముద్దతో అంతా ఒక్క ఊపున తుడిచేస్తారు. తుడిచిన చోటల్లా వెండిలా తెల్లగా మారుతుంది. ఎక్కడా పసుపు మిగలకూడదు, గడ్డలు కట్టకూడదు.

అసలు చూడాల్సింది ఆ కడ్డీని. తగరం ఖరీదు. చవకగా పోతుందని కొందరు సీసం కలుపుతారు. మా నాన్న తగరం కొనేటప్పుడు సన్న కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచేవాడు. మంచి తగరమైతే వంచినప్పుడు కిర్రుమని చప్పుడు చేస్తుంది. సీసం కలిస్తే ఆ చప్పుడు తగ్గిపోతుంది, ఎక్కువ కలిస్తే అసలు ఉండదు. మీరూ వంచి చూపించమనండి. తెల్లకాగితం మీద రుద్దితే పెన్సిల్ గీసినట్టు నల్లగా గీత పడినా సీసం ఉన్నట్టే. మంచి పనివాడు ఇట్లా అడిగితే కోపం తెచ్చుకోడు, తనే వంచి వినిపిస్తాడు. మా నాన్న దగ్గరికి వచ్చినవాళ్లకు ఆయన అడగకుండానే వినిపించేవాడు.

పోయించాక అన్నం, పప్పు, సంగటి, పాయసం, పులుసు అన్నీ వండండి. సంగటికి స్టీలు గరిటె కాకుండా చెక్క తెడ్డే వాడండి, స్టీలు గీరుతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందుకని ఖాళీ గుండిగ పొయ్యి మీద పెట్టి మరిచిపోవద్దు, అందులో నూనె కాచి తాళింపు పెట్టొద్దు. తాళింపు వేరే గిన్నెలో వేసి ఇందులో పోయండి. పులుసు వండిన పూటే వేరే గిన్నెలోకి తీసేయండి, రాత్రంతా ఉంచొద్దు. తోమడానికి పీచు, బూడిద, చింతపండు చాలు, స్టీలు పీచు తగలనీయకండి. రోజూ వాడితే కొంతకాలానికి లోపల పసుపు తేలుతుంది, అప్పుడు మళ్లీ పోయించాలి. ఆ మధ్యలో పులుసు మానేసి అన్నానికి వాడుకోండి.

సంగటికైతే ముందు ఎసట్లో బియ్యం మెత్తగా ఉడకనిచ్చి, మంట తగ్గించాకే రాగిపిండి వేయండి. ఇత్తడి తొందరగా వేడెక్కుతుంది, స్టీలు గిన్నెకు పెట్టేంత మంట దీనికి పెడితే అడుగంటుతుంది.